శ్రుతి కలియని రికార్డు

మా అన్నయ్య విశాఖపట్టణమున గుమాస్తాగా పని చేయుచు, సెలవు దినములలో పద్యనాటకములకు హార్మోనియము వాయించుచుండెడివాడు. 1970 దశకమున ఒకనాడు ఆయన రేవులో ఒక ఓడ ఉద్యోగివద్ద పాత గ్రామఫోను రికార్డును కొని తెచ్చెను. అది అమెరికా దేశపు ట్రంపెట్టు విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన బృందముతో వాయించిన 'కైండ్ ఆఫ్ బ్లూ' అను జాజ్ సంగీతపు ఆల్బము. జాజ్ అనగా నేమో మాకు తెలియదు. అయినను మా అన్నయ్య ఆ సాయంకాలమే హార్మోనియము ముందుంచుకొని, రికార్డుతో పాటు వాయింప మొదలిడెను.

విచిత్రమేమనగా, రెండవ ప్రక్కనున్న రెండు రచనలతోను హార్మోనియము చక్కగా శ్రుతి కలిసెను. మొదటి ప్రక్కనున్న మూడింటితో ఎంత యత్నించినను కలియదయ్యెను. ఆ స్వరములు ఒక మెట్టునకును దాని ప్రక్క మెట్టునకును నడుమ నెక్కడనో నిలిచినట్లుండెడివి. "అంతటి విద్వాంసులు తప్పుదురా? లోపము నా చెవిలో నున్నది, కాదేని ఈ పెట్టెలో నున్నది" అని ఆయన కొన్నాళ్లు దిగులుపడెను. తుదకు మరమ్మతు చేయువానిని పిలిపించి రీడ్లన్నియు గీయించెను. రీడు అనగా గాలికి కదలి పలుకు ఇత్తడి నాలుక. దాని కొనను గీసినచో స్వరము హెచ్చును; మొదలు గీసినచో తగ్గును. కొనలు గీయగనే మొదటి ప్రక్క కలిసెను, రెండవ ప్రక్క చెడెను. నాటకములకు మాత్రము చిక్కు రాలేదు. పాడువారు ఎట్లును హార్మోనియమునే అనుసరింతురు గదా! కాని నాటినుండి ఇరువది యేండ్లకు పైగా ఆ రికార్డు రెండవ ప్రక్క మా యింట మ్రోగలేదు.

పాత ఆల్బములను 'రీమాస్టరు' చేసి, కొన్ని అదనపు రచనలు చేర్చి మరల అమ్ముట వట్టి వర్తకుల యుక్తి యని నేను చాలకాలము తలచితిని. ఒకే వస్తువునకు రెండుమార్లు వెల యిచ్చుట యేల? ఆ పని యేమనగా, తొలుత ధ్వనిని పట్టిన టేపును వెదకి తెచ్చి, దానినుండి క్రొత్తగా ప్రతిని సిద్ధము చేయుట. టేపు మంచిదై, చేయువాడు ఓపిక గలవాడైనచో పాత ముద్రణలో మరుగుపడిన సవ్వడులు బయటపడును. కాని పెక్కుమార్లు జరుగునది వేరు. మెల్లని ధ్వనులను సైతము పెంచి గట్టి ధ్వనులతో సమానము చేయుదురు. 1973లో వెలువడిన 'రా పవర్' అను రాక్ ఆల్బమును దాని గాయకుడు ఇగ్గీ పాప్ స్వయముగా 1997లో మరల కలిపించెను. అది మిక్కిలి గట్టిగా వినవచ్చు రికార్డులలో నొకటిగా పేరు మోసినది. గుసగుసకును కేకకును భేదము పోయిన పిమ్మట కేకకు బలమేది? అట్టివానిని నేను కొనను.

నా యభిప్రాయమును కొంత మార్చినది ఆ 'కైండ్ ఆఫ్ బ్లూ' యే. దాని మొదటి ప్రక్క 1959 మార్చి 2న, రెండవ ప్రక్క అదే యేడు ఏప్రిల్ 22న పట్టబడెను. రెండును న్యూయార్కు నగరమున 30వ వీధిలో, ఒకప్పుడు చర్చిగా నుండిన భవనమున జరిగినవి. మార్చి నాటి పనికి రెండు టేపు యంత్రములు వాడిరి. వానిలో ముఖ్యమైనది ఆనాడు కొంచెము మందముగా తిరిగెను. టేపు మెల్లగా సాగుచుండగా పట్టిన ధ్వనిని సరియైన వేగమున వినిపించినచో అది త్వరపడును, శ్రుతియు హెచ్చును. ఆ హెచ్చు హార్మోనియము మీది రెండు ప్రక్కప్రక్క మెట్ల నడిమి దూరములో కొంత భాగము మాత్రమే. సామాన్య శ్రోత కనిపెట్టలేడు. ముప్పది యేండ్లకు పైగా లోకమంతయు ఆ తప్పు శ్రుతినే వినెను. రెండవ యంత్రపు టేపు సరిగా నుండుటచే, 1992లో దానినుండి చేసిన క్రొత్త ప్రతిలో ఆ దోషము తొలగెను.

ఈ సంగతి చదివిన నాడు నాకు నిదుర పట్టలేదు. 1997లో వెలువడిన ప్రతిని తెప్పించితిని. నా జీతమునకు దాని వెల యెక్కువయే.

అందు ఒక అదనపు రచన యుండెను. అది క్రొత్తది కాదు, 'ఫ్లమెంకో స్కెచెస్' అను చివరి రచనకే మరియొక రూపము. ఈ రచనకు ముందుగా కూర్చిన పల్లవి లేదు. ఐదు స్వరశ్రేణులు గలవు. వాయించువాడు ఒక్కొక్క దానిపై తనకు తోచినంతసేపు నిలిచి, పిదప ముందునకు సాగును. ఆలాపన నెరిగిన మనకు ఇది వింత కాదు. ఒకే విద్వాంసుడు ఒకే రాగమును రెండుమార్లు ఆలపించుట వినునపుడు గదా, అతడు వెదకుచున్నదేమో తెలియుట! కావున ఆ రెండవ రూపమునకు నేను ఆనందముగా వెల యిత్తును. అయినను దానిని వెంటనే వినను. ఐదవ రచన ముగియగనే యంత్రమును ఆపివేసి, ఆరవదానిని మరియొకనాడు వేరుగా విందును. ఆల్బము ముగిసిన పిదప మిగులు నిశ్శబ్దము కూడ దానిలోనిదే.

ఆ ప్రతిని తీసికొని అన్నయ్య యింటికి పోతిని. ఆయన అలవాటు చొప్పున హార్మోనియముపై చేయి వేసి, వెంటనే తీసివేసెను. మరల శ్రుతి కలియలేదు! ఈమారు పెట్టెయే హెచ్చుగా నున్నది. నేను విషయమంతయు చెప్పితిని. మూడు రచనలు ముగియువరకు ఆయన పలుకలేదు.

"అయినచో నాడు తప్పినది నా చెవి కాదురా" అనెను.

నాలుగవ రచన మొదలయ్యెను. అది ఆయన ఇరువది యేండ్లుగా వినని ప్రక్క. కన్నులు మూసికొని తుదివరకు వినెను. పిమ్మట హార్మోనియము పైపలక విప్పి, రీడ్లపై దుమ్మునూది, "ఆకురాయి తెమ్ము, ఈమారు మొదళ్లు గీయవలెను" అనెను.