నవ్వు ఎవరి మీద?

ఇంటికి వచ్చే మనిషిని గడప దగ్గరే ఎవరని విచారిస్తాము. ఇంట్లోకి వచ్చే నవ్వును మాత్రం ఏమీ అడగకుండానే లోపలికి రానిస్తాము. టీవీ తెర మీద ఎవరో నత్తిగా మాట్లాడతారు, ఎవరి రంగునో లావునో ఇంకెవరో ఎగతాళి చేస్తారు, ఇంటిల్లిపాదీ నవ్వేస్తారు. ఆ నవ్వు ఎవరిని నొప్పించిందో ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. అనంతపురం జిల్లాకు చెందిన మా కుటుంబంలో వినోదం గురించి ఎన్నో ఏళ్లుగా చర్చ సాగుతూనే ఉంది. ఆ చర్చలో ప్రతిసారీ రెండు పేర్లు వినవస్తాయి. ఒకటి ‘పెద్దమనుషులు’ చిత్రం, రెండవది ‘అమృతం’ హాస్య ధారావాహిక. ఈ రెండింటి పట్ల మాకు గల అభిమానానికి కారణమేమిటో పాఠకులతో పంచుకోదలచాము.

సినిమా, టీవీల విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్న సంగతి ఎరుగుదుము. ఫత్వా ఇవ్వడం మా పని కాదు. అయితే ఈనాడు మన ఇళ్లలో అత్యధిక భాగం టీవీ ఉన్న ఇళ్లే. టీవీ లేని ఇంట్లో సెల్‌ఫోన్ ఉంది. కనుక పిల్లలు ఏది చూసి నవ్వుతున్నారన్న ప్రశ్నను తప్పించుకునే వీలు ఏ తల్లిదండ్రులకూ లేదు.

‘పెద్దమనుషులు’ 1954లో విడుదలైంది. దర్శకుడు కదిరి వెంకటరెడ్డి, అనగా కె.వి. రెడ్డి, మా జిల్లాలోని తాడిపత్రికి చెందినవారు. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన దర్శకుడిగా ఆయనను తెలుగువారందరూ ఎరుగుదురు. ఏ సన్నివేశం ఎంతసేపు నడవాలో స్టాప్‌వాచ్ పెట్టి ముందుగానే లెక్కగట్టుకొనేవారని ప్రతీతి. నీటిని చెంబులతో కొలిచి వాడుకునే సీమలో పుట్టినవారికి ఫిల్మును అలా కొలవడం వింతేమీ కాదని మా ఇంటి పెద్దలు అంటూ ఉంటారు. నార్వే రచయిత ఇబ్సెన్ 1877లో రాసిన నాటకం ఈ చిత్రానికి ప్రేరణ. మాటలు రాసిన డి.వి. నరసరాజుకు ఇది తొలి చిత్రం. ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం కూడా దీనికి లభించింది.

కథ ఒక పట్టణానిది. పురపాలక సంఘ అధ్యక్షుడు, అతని చుట్టూ చేరిన ప్రముఖులు పైకి ధర్మాత్ములు. ప్రజల దృష్టిలో వారే ఊరికి మూలస్తంభాలు. లోపల జరిగేది వేరు. ఆ సంగతిని బహిరంగంగా చెప్పగలిగినవాడు ఊరంతటిలో ఒక్కడే, అతణ్ణి లోకం పిచ్చివాడంటుంది. రేలంగి ధరించిన ఆ తిక్కశంకరయ్య పాత్రను చూసి మా తల్లిదండ్రుల తరం టూరింగు టాకీసులో నవ్వుకుంది, మేము టీవీ ముందు కూర్చుని నవ్వుకున్నాము. అయితే ఆ నవ్వు పిచ్చివాని మీద కాదు. అతని మాట వినగానే ఉలిక్కిపడే బుద్ధిమంతుల మీద. హాస్యనటుణ్ణి చూపించి, హాస్యాస్పదులు ఎవరో ప్రేక్షకుడే తేల్చుకునేటట్లు చేయడం ఆ చిత్రంలోని గొప్పదనం.

ఈ కథ మాకు పరాయిదిగా తోచకపోవడానికి కారణం ఉంది. కరువు సీమలో వాన రాకపోయినా సాయం వస్తుంది, సాయం వెంట దానిని పంచిపెట్టే పెద్దమనుషులూ వస్తారు. ఎవరి పేరు జాబితాలో ఉండాలో, ఎవరిది ఉండకూడదో నిర్ణయించేది వారే. చిత్రం చూసి, అది ఎవరో మునిసిపాలిటీ వారి కథ అని మనం ఊరుకోరాదు. మసీదు కమిటీ, వక్ఫు భూమి, జకాత్ సొమ్ము, అనాథల ఆస్తి ఇవన్నీ అమానతులే. వాటి లెక్క అడిగినవాణ్ణి తిక్కవాడని ముద్రవేసిన సందర్భాలు మన వాడల్లో లేవా? ప్రదర్శనా బుద్ధితో చేసే పుణ్యకార్యం గురించి ఇస్లాం ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మనకు తెలుసు. ఆ హెచ్చరికను జుమా ఖుత్బాలో విని తలలూపుతాము. ‘పెద్దమనుషులు’ చూసినప్పుడు మాత్రం నవ్వుతూ నవ్వుతూనే గతుక్కుమంటాము.

‘అమృతం’ వచ్చింది 2001 నవంబరులో. గుణ్ణం గంగరాజు సారథ్యంలో నిర్మితమై, 2007 వరకు జెమిని టీవీలో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు ప్రసారమయ్యేది. మూడు వందలకు పైగా భాగాలు వచ్చాయి. వేసవిలో ఇషా జమాఅత్ ఆలస్యమైనప్పుడు మా ఇంటి మగవారికి మొదటి సన్నివేశాలు దక్కేవి కావు. భోజనం వడ్డిస్తూ ఆడవారు జరిగిన కథ చెప్పేవారు. ఆ చెప్పడంలోనే సగం నవ్వు ఉండేది.

అమృతం, అంజి అనే ఇద్దరు మిత్రులు కలిసి హోటలు నడుపుతారు. త్వరగా ధనవంతులు కావాలన్న ఆశతో ప్రతి వారమూ ఒక పథకం వేస్తారు. అది బెడిసికొడుతుంది. మరుసటి వారం మరో పథకం. ఒక బోరు ఎండితే అప్పు చేసి మరో బోరు, అది తప్పితే ఇంకొక బోరు వేసే రైతుల నడుమ మేము పెరిగాము. వేరుశనగ విత్తిన ప్రతి ఏడూ ఈసారి తప్పక పండుతుందని నమ్మే మనుషులము. అందుచేత అమృతం ఆశ మాకు కొత్తది కాదు. గుండు హనుమంతరావు ధరించిన అంజి ముఖంలో పథకం చెడిన క్షణాన కనిపించే దిగులును మేము మా వాళ్ల ముఖాల్లోనూ చూశాము. అతణ్ణి చూసి నవ్వినప్పుడు మమ్మల్ని మేమే కొంత ఓదార్చుకున్నట్లు ఉండేది.

ఆ ధారావాహికలో అబద్ధాలు లేవని కాదు, కావలసినన్ని ఉన్నాయి. అయితే ఒక అబద్ధాన్ని కప్పిపుచ్చడానికి మరో నాలుగు చెప్పవలసి వచ్చి, చివరకు అబద్ధమాడినవాడే వలలో పడతాడు. పిల్లలకు వేరే నీతిపాఠం చెప్పవలసిన అవసరం రాదు. మామగారి ఎదుట కోడలు తలదించుకోవలసిన మాట గానీ, పెరిగిన ఆడపిల్ల లేచి లోపలికి వెళ్లవలసిన దృశ్యం గానీ ఎదురుకాలేదని మా అనుభవం.

తరువాతి కాలంలో మా ఇంట్లోకి వచ్చిన నవ్వు వేరు. ఒకనాడు మా అన్నగారి చిన్న కుమారుడు, తొమ్మిదేళ్లవాడు, ఏదో హాస్య కార్యక్రమంలో చూసిన ‘సాయిబు తెలుగు’ను అనుకరించి చూపాడు. లింగాలు తారుమారు చేసి, మాటలు వంకరగా పలికి, చేతులు తిప్పుతూ చెప్పాడు. కొందరు నవ్వారు కూడా. మూలన మంచం మీద కూర్చున్న మా నాన్నగారు సరిగ్గా ఆ తెలుగే మాట్లాడతారు. ఆయన కోపగించుకోలేదు. మనవణ్ణి దగ్గరకు పిలిచి, “బేటా, ఈ తెలుగుతోనే నలభై ఏండ్లు చెనిక్కాయల యాపారం చేసినా. బాకీ ఇచ్చినోళ్లు గానీ తీసుకున్నోళ్లు గానీ ఎవరూ నవ్వలేదప్పా” అన్నారు. వాడికి ఏమీ తోచలేదు. దాదా చేయి పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

దైవప్రవక్త (స) హాస్యమాడేవారు. తనకు ఎక్కడానికి జంతువు కావాలని అడిగిన వ్యక్తితో, ఆడ ఒంటె పిల్లను ఇస్తానన్నారు. పిల్లను ఏం చేసుకోనని అతను విస్తుపోగా, ప్రతి ఒంటే ఒక ఆడ ఒంటెకు పిల్లే కదా అని వివరించారు. ఇందులో అసత్యం లేదు, అవమానం లేదు. అడిగినవాడు సంతోషంగా నవ్వుకోగలిగిన హాస్యం. ఒక వర్గం మరో వర్గాన్ని ఎగతాళి చేయరాదని, స్త్రీలు స్త్రీలను ఎగతాళి చేయరాదని, చెడ్డ పేర్లు పెట్టి పిలవరాదని దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా ఆదేశిస్తున్నది. ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చునని కూడా అది మనకు గుర్తుచేస్తున్నది. మన యాసను ఎవరో వెక్కిరిస్తే బాధపడే మనం, మరొకరి కులాన్నీ కుంటితనాన్నీ పేదరికాన్నీ చూసి నవ్వుతున్నామా అన్నది కూడా ఈ ఆయతు వెలుగులోనే చూసుకోవాలి.

ఆనాటి నుండి మా ఇంట్లో ఒక అలవాటు ఏర్పడింది. పిల్లలు ఏదైనా చూసి నవ్వినప్పుడు టీవీ కట్టేయము. ఆ నవ్వు ఎవరి మీద అని అడుగుతాము, అంతే. డబ్బూ పలుకుబడీ ఉన్నవాని కపటం మీదనా, మనందరిలోనూ ఉన్న దురాశ మీదనా, లేక బదులు చెప్పలేని బలహీనుని మీదనా? మూడవదైతే ఆ కార్యక్రమాన్ని పిల్లలే మార్చేస్తున్నారు. అప్పుడప్పుడూ పాత ‘అమృతం’ పెట్టమని వారే అడుగుతున్నారు. అప్పుడు మా నాన్నగారు కూడా మంచం ముందుకు జరుపుకుంటారు.

ఎవరి మనసునూ నొప్పించని నవ్వును అల్లాహ్ మన ఇళ్లన్నింటికీ ప్రసాదించుగాక. ఆమీన్.