మా జొన్న దంటుకు 17 మార్కులు

సంక్రాంతి సెలవులు అయిపోయినంక బాపు నన్ను బెల్లంపల్లిలో మన హాస్టల్‌కు దింపడానికి వచ్చాడు. మా చేనులోని జొన్న దంట్లు కట్టగట్టి తెచ్చాడు. ఆ రాత్రి అందరం ఒలుచుకొని నమిలాం. మస్తు తియ్యగ ఉన్నయని మీరే అన్నారు, గుర్తుందా?

తెల్లారి సైన్స్ సార్ చిన్న గొట్టంలాంటి పరికరం తెచ్చారు. దాని పేరు రిఫ్రాక్టోమీటర్. గ్లాసు నీళ్లలో పెన్సిల్ వంగినట్టు కనిపిస్తుంది కదా, నీళ్లలో చక్కెర కలిపితే వెలుతురు ఇంకా ఎక్కువ వంగుతుందట. ముందు శుభ్రమైన నీళ్లు వేసి సున్నా సరిచూడాలి. తుడిచి, అద్దం మీద రెండు చుక్కల రసం వేసి, మూత మూసి, వెలుతురు వైపు పట్టి చూడాలి. సూర్యుని వైపు మాత్రం పెట్టొద్దు. లోపల పైన నీలం, కింద తెలుపు. రెండూ కలిసే గీత దగ్గర అంకె చదవాలి. ఆ కొలతను బ్రిక్స్ అంటారు. అది జర్మనీ శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్రిక్స్ పేరు. 100 గ్రాముల చక్కెర నీళ్లలో 1 గ్రాము చక్కెర ఉంటే 1 డిగ్రీ. చెరుకు 18 దాటితే కోతకు వచ్చినట్టు లెక్క. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తీపి జొన్న రకాలను ఎంచడానికి కూడా దంటు రసాన్ని ఇట్లనే కొలిచారని సార్ చెప్పారు.

మా దంటుకు 17 వచ్చింది. వాగు పక్కన చేను ఉన్న నా దోస్తు దంటుకు 12. ఇద్దరిదీ ఒకే విత్తనం. నేను ఫస్ట్ వచ్చినట్టు చప్పట్లు కొట్టాను.

ఆదివారం బాపు వస్తే, "మన పంట మంచిగున్నది బాపూ, 17 వచ్చింది" అన్నాను.

"లేదు బిడ్డా. నీళ్లు అందక కంకులు తాలు పోయినయి. ఈసారి తిండి గింజలే కొనుక్కోవాలె" అన్నాడు.

"మిషన్ అబద్ధం చెప్తదా? నీకు చదువు రాదు, నీకేం తెలుసు?" అన్నాను.

బాపు ఏం అనలేదు. సంచి భుజాన వేసుకొని బస్సుకు పోయిండు.

సోమవారం సార్‌ను అడిగాను. సార్ నన్నే తిరిగి అడిగారు.

"మీ దంటు రసం తొందరగా వచ్చిందా?"

"లేదు సార్, గట్టిగ పిండితే నాలుగు చుక్కలు వచ్చినయి."

"గ్లాసు నీళ్లలో ఒక చెంచా చక్కెర, అర గ్లాసు నీళ్లలో ఒక చెంచా చక్కెర. ఏది తీపి?"

"అర గ్లాసుది."

"మరి చక్కెర పెరిగిందా?"

"లేదు సార్. నీళ్లు తగ్గినయి."

అప్పుడు నాకు అర్థమైంది. మా చేను దూపతో ఉన్నది. దాన్ని నేను మార్కులు అనుకున్నాను. గింజ సరిగా పట్టకపోతే అక్కడికి పోవాల్సిన చక్కెర కొంత దంటులోనే ఉండిపోతుందని కూడా సార్ చెప్పారు. రసంలో కరిగిన ఉప్పులు కూడా ఆ అంకెలో కలుస్తాయి. ఆకులు ఎండలో చక్కెర చేస్తాయి కాబట్టి పొద్దునకూ సాయంత్రానికీ తేడా వస్తుంది. అందుకే అంకె ఒక్కటే రాస్తే సరిపోదు. ఏ పూట కొలిచాం, నీళ్లు ఎప్పుడు పారినయి, కంకి ఎట్లున్నది, అన్నీ పక్కన రాయాలి.

మిషన్ అబద్ధం చెప్పలేదు. నేనే సగం చదివాను. బాపు మిగతా సగం కంకిని చేత్తో పట్టి చదివిండు.

బాపు ఈ గోడ పత్రిక చదవలేడు. వచ్చే ఆదివారం ఇక్కడ నిలబెట్టి నేనే చదివి వినిపిస్తా. అప్పటిదాక దీన్ని తీయొద్దని వార్డెన్ మేడంకు మనవి.

– 9వ తరగతి విద్యార్థిని