తాతయ్య పాయింట్ టూ టూ

తాతయ్య నుంచి నాన్నకి, నాన్న నుంచి నాకు వచ్చిన సెమీ ఆటోమేటిక్ .22 రైఫిల్ రెండో తూటా దగ్గరే ఆగిపోతోంది. అందరూ ముందు మ్యాగజైన్ స్ప్రింగునే అనుమానిస్తారు. నా అనుమానం మాత్రం బోల్టు చుట్టూ గడ్డకట్టిన పాత నూనె మీద. ఇది వాడే, 1887లో పుట్టిన .22 లాంగ్ రైఫిల్ తూటాకి బలం తక్కువ. అది వెనక్కి తన్నే ఊపుతోనే బోల్టు పూర్తిగా వెనక్కి జరగాలి. జిడ్డు ఆ ఊపుని తినేస్తే బోల్టు తర్వాతి తూటాని అందుకోలేదు. మ్యాగజైన్ పై అంచులు వంగినా తూటా ముక్కు ఛాంబర్‌కి తగిలి ఇరుక్కుంటుంది, అదీ చూడాలి.

మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ అని కళ్లారా చూసుకుని తుడవడం వరకే నా పని; మరమ్మతు మాత్రం గన్‌స్మిత్‌కే ఇవ్వాలి. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం మరమ్మతుల వ్యాపారానికీ లైసెన్సుండాలి. సికింద్రాబాద్ చుట్టుపక్కల పాత తుపాకుల మీద ప్రేమున్న, లైసెన్సున్న గన్‌స్మిత్ ఎవరైనా తెలిస్తే చెప్పండి. ఈ రైఫిల్‌ని గోడకి వేలాడదీయడం నాకిష్టం లేదు.