నిలబడితే పాడయ్యే లారీ

పిల్లలూ! బండి తిరిగితే పాడవుతుందా, తిరగకుండా నిలబెట్టేస్తే పాడవుతుందా? నేను బడిలో పనిచేసిన రోజుల్లో ఈ ప్రశ్న వేస్తే క్లాసంతా ఒక్క గొంతుతో, "తిరిగితేనండీ!" అనేది. ఆ జవాబు సగమే నిజం. తక్కిన సగం మా ఇంటి వెనుక పాకలో ఉన్నది.

అది ఒక పాత మిలిటరీ లారీ. రెండవ ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో జి.ఎం.సి. వాళ్ళు 1941 నుంచి 1945 దాకా ఇటువంటివి ఐదు లక్షల అరవై వేలకు పైగా తయారు చేశారు. దారి లేని చోట కూడా రెండున్నర టన్నుల బరువు మోస్తుంది. 1944లో ఫ్రాన్సులో ముందుకు సాగుతున్న సైన్యానికి పెట్రోలూ, గుళ్ళూ, తిండీ రాత్రింబగళ్ళు మోసిన లారీలలో ఇవే ముఖ్యమైనవి. వాటిని నడిపిన వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి అమెరికన్లు. మన దేశానికి కూడా ఈ లారీలు వచ్చాయి. అస్సాంలోని లేడో నుంచి బర్మా కొండల మీదుగా చైనాకు ఒక బాట వేశారు. ఆ బాటన మొదటి లారీల వరుస 1945 జనవరి 12న బయలుదేరి, ఫిబ్రవరి 4న కున్మింగ్ నగరం చేరింది. దారి సుమారు 1,700 కిలోమీటర్లు!

యుద్ధం ముగిశాక మిగిలిన బండ్లను వేలం వేశారు. వాటిని డిస్పోజల్సు లారీలు అనేవాళ్ళు. మా నాన్నగారు 1948లో మద్రాసు వెళ్ళి ఒకటి కొన్నారు. మాది గుడివాడ దగ్గర నల్లరేగడి నేల. వాన కురిస్తే ఎడ్లబండి కూడా ఇరుసు దాకా దిగబడేది. ఈ లారీ మాత్రం ధాన్యం బస్తాలతో గునగునా నడిచి వచ్చేసేదట.

ఎలాగంటారా? మామూలు లారీలో ఇంజను బలం వెనుక చక్రాలకే పోతుంది. దీనికి ముందు రెండు, వెనుక రెండు ఇరుసుల మీద ఎనిమిది, మొత్తం పది చక్రాలు. ఒక లివరు వేస్తే పదీ తిరిగి బండిని లాగుతాయి. అయితే తారురోడ్డు ఎక్కగానే ఆ లివరు తీసివెయ్యాలి. ఎందుకో డ్రిల్లు చేసేవాళ్ళకు సులువుగా తెలుస్తుంది. వరుస మలుపు తిరిగేటప్పుడు బయటి చివర ఉన్నవాడు పెద్ద పెద్ద అంగలు వేస్తాడు కదూ? బండి మలుపు తిరిగినప్పుడు కూడా ముందు చక్రాలు వెనుక చక్రాలకన్న ఎక్కువ దూరం పోవాలి. లివరు వేసి ఉంటే అన్నీ ఒకే లెక్కన తిరుగుతాయి. కనుక ఏదో ఒకటి జారక తప్పదు. బురదలో జారుతుంది, తారు మీద జారదు. అప్పుడు టైర్లు అరుగుతాయి, గేర్ల మీద భారం పడుతుంది.

ఇక నిలబడితే ఏమవుతుందో చూద్దాం. ఎండకూ, గాలిలోని ఓజోనుకూ రబ్బరు పగుళ్ళిస్తుంది. లోపల నూనె తగలక సీళ్ళు ఎండిపోతాయి. నెలకొకసారి ఇంజనును అయిదు నిమిషాలు తిప్పి ఆపేస్తే చాలదా అంటారు కొందరు. చాలదు సరికదా, చెరుపు కూడాను. పెట్రోలు కాలినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఇంజను బాగా వేడెక్కకపోతే ఆ ఆవిరి నీరై నూనెలో కలుస్తుంది. అందుకని మా తమ్ముడు నెలకొకసారి పొలం బాటన పది కిలోమీటర్లు తిప్పి తెస్తాడు. ఇది లీటరుకు మూడు కిలోమీటర్లే ఇస్తుంది. పెట్రోలు ఖర్చు తలచుకొని మా మరదలు నిట్టూరుస్తుంది! చాలామంది ఇటువంటి లారీలకు డీజిలు ఇంజను బిగించారు. బండి మీద బతికేవాళ్ళు అలా చేస్తే నేను తప్పు పట్టను.

దీని కరెంటు ఆరు వోల్టులది. ఈనాటి కారుది పన్నెండు. వోల్టులు సగమైతే, అదే పనికి రెట్టింపు కరెంటు పారాలి. తీగ లావుగా ఉండాలి. సన్నతీగ వేస్తే అది వేడెక్కుతుంది, ఇంజను మూలిగి ఊరుకుంటుంది.

అన్నిటికన్న భయపడవలసింది బ్రేకుల విషయంలో. పెడలు తొక్కితే బ్రేకు ఆయిలు సన్నని గొట్టాల గుండా తోసుకొనిపోయి చక్రాలను పట్టుకునేలా చేస్తుంది. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లడం చూశారు కదా? ఆ ఆయిలు కూడా గాలిలోని తేమను అలాగే పీల్చుకుంటుంది. లోపల తుప్పు పడుతుంది. బ్రేకులు వేడెక్కితే ఆ నీరు ఆవిరవుతుంది. ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది కనుక, పెడలు మెత్తగా కిందికి దిగుతుంది కాని బండి ఆగదు. ఇప్పటి కార్లలో ఆయిలుకు రెండు వేరు వేరు దారులుంటాయి. దీనికి ఒక్కటే. ఒక్క గొట్టం పగిలితే పది చక్రాలకూ బ్రేకు ఉండదు.

రెండేళ్ళ కిందట పంద్రాగస్టు ఊరేగింపుకు ఈ లారీ కావాలని మా ఊరి కుర్రవాళ్ళు వచ్చారు. వెనుక నలభైమంది పిల్లలను ఎక్కిస్తారట! మా తమ్ముడు సరే అనబోయాడు. నేను అడ్డుపడ్డాను.

"అన్నయ్యా, మొన్ననే తిప్పాను, బ్రేకు బాగానే పట్టింది" అన్నాడు వాడు.

"ఖాళీ బండికి పట్టింది. విప్పి చూపించు" అన్నాను.

విప్పాం. ఆయిలు టీ డికాషనులా దిగింది. ముందు చక్రం దగ్గరి రబ్బరు గొట్టం పైకి నిగనిగలాడుతున్నది, వంచితే లోపల చీలిక! తమ్ముడు మాట్లాడలేదు. ఆ గొట్టాన్ని చాలాసేపు చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు.

లారీ పాకలోనే ఉండిపోయింది. పిల్లలు నడిచే ఊరేగింపు చేశారు. కొందరు నా మీద అలిగారు. గొట్టాలూ, రబ్బరు కప్పులూ అన్నీ కొత్తవి వేసేందుకు మూడు నెలలు పట్టింది. అయినా సరే, అది సరుకు మోసే బండి. పిల్లలను ఎక్కించనివ్వను.

అలిగినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఆదివారాలు వస్తున్నారు. చక్రానికి గాలి కొట్టేటప్పుడు మాత్రం వాళ్ళను దూరంగా నిలబెడతాం. టైరును పట్టి ఉంచే ఇనుప రింగు సరిగా కూర్చోకపోతే ఎగిరివచ్చి ప్రాణం తీస్తుంది. తరువాత ఒకడు గాలి కొలిచి నోటుబుక్కులో రాస్తాడు. రెండోవాడిది గ్రీజు పని. వాడి చొక్కా సంగతి ఏమిటని వాళ్ళ అమ్మ నన్ను నిలదీసింది. చాకలి సోడా, వేడినీళ్ళు వాడమన్నాను. మరక సగమే పోయిందట.