పాత పిస్టల్‌కు పనివాడు

ముత్తుకూరులో మోటారు చెడితే మెకానిక్ దొరుకుతాడు. తాతల నాటి పిస్టల్ స్ప్రింగ్ విరిగితే మాత్రం ఎవరికి పడితే వారికి ఇవ్వకూడదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ మరమ్మతుకూ లైసెన్సు ఉండాలి.

పాతదే కదా అనుకోవడమే ప్రమాదం! 45వ సెక్షన్ మినహాయించేది బాగుచేసినా పేలని పాతవాటినే. బాగుపడేదైతే అది ఆయుధమే, యజమానికీ లైసెన్సు కావాల్సిందే.

అసలైన పనివాడు ఆకురాయి పట్టేముందు ఆ కాగితం అడుగుతాడు. లోపల తూటా లేదని చూసుకుని, గొట్టంలో తుప్పు, పగుళ్లు వెతుకుతాడు. పాత గొట్టంలో ఇప్పటి తూటా పెడితే ఒత్తిడికి చీలిపోవచ్చు. అలాంటప్పుడు పేల్చవద్దని నిక్కచ్చిగా చెప్పేవాడే కావాలి.

మరమ్మతుకిచ్చిన రసీదు జాగ్రత్త. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగించమంటారు; అప్పుడు మీది మరమ్మతులో ఉంటే చూపడానికి ఆ రసీదే ఆధారం.