ఒకే కొండ, రెండు దారులు

గ్రాంట్ రోడ్ స్టేషన్ దిగి కామాఠిపుర వైపు నడుస్తుంటే నాకెందుకో గోదావరే తలపుకొస్తుంది. నిజాం ఇలాకా నుంచి వలస వచ్చి బొంబాయి గోడలు కట్టిన కూలీలు కామాఠీలు. నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి బయల్దేరినవాళ్లు నదికి ఎదురు నడిచినట్టే కదా!

గోదావరి పుట్టేది త్ర్యంబకం దగ్గర బ్రహ్మగిరి మీద. అరేబియా సముద్రం ఓ 80 కిలోమీటర్లే, అయినా దానికి వీపు తిప్పి 1,465 కిలోమీటర్లు తూర్పుకు పోతుంది. పెరూలో పసిఫిక్ వైపు కొండల్లో పుట్టి, దేశాలు దాటి అట్లాంటిక్‌లో కలిసే అమెజాన్‌దీ ఇదే పెంకితనం. ఆ త్ర్యంబకం కొండల్లోనే పుట్టిన వైతరణి (పేరుకే యముడి నది) పడమటికి దిగి, మోడక్ సాగర్ లాంటి జలాశయాల్లో ఆగి, ముంబై కుళాయిల్లోకి వస్తుంది. కామాఠిపుర చాల్ ఇళ్లలో తెలుగు బిందెలు నిండేది దాంతో కూడా.

అమెజాన్‌లా దేశాలవి కాదు, గోదావరి దాటేవి రాష్ట్రాల ఎల్లలే. తగువు మాత్రం దేశాల మధ్య తగువంత. కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టే ముందు నాందేడ్ జిల్లాలో బాబ్లీ బ్యారేజీ అడ్డం. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం దాని గేట్లు జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా తెరిచే ఉండాలి; మార్చి 1న 0.6 టీఎంసీలు వదలాలి. మండువేసవికి అది ఏపాటిదో నిజామాబాద్ రైతునే అడగాలి.