సొరుగులో వుండిపోయిన కాగితం

ఆటల సంగతి వ్రాయడానికి నాకు అర్హత యేమీ లేదు. ఎస్.ఎస్.ఎల్.సి. పాసై, పావగడలో ఒక కళాశాల ఆఫీసులో ఇరవై యేళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్నవాణ్ణి. బంతి చేతబట్టి యెరుగను. అయినా 2024లో మా కళాశాల బాస్కెట్ బాల్ జట్టు విడిపోయి మళ్ళీ కూడుకున్న వైనంలో నా చేయి గూడా కొంత వున్నది. ఆ చేయి చేసిన పని యెటువంటిదో పాఠకులే నిర్ణయించాలి.

మా తాలూకా సంగతి మీకు తెలిసిందే. మూడు వైపులా ఆంధ్ర నేల. జిల్లా కచేరి మాత్రం తుమకూరులో. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, సంతలో రెండూ. మా పిల్లలు ఆటస్థలంలో అరిచేది తెలుగులోనే.

ఆ యేడు మా జట్టులో అయిదుగురు డిగ్రీలు పూర్తి చేసుకుని వెళ్ళిపోయినారు. వాళ్ళ టి.సి.లు వ్రాసి యిచ్చింది నేనే. అదే వేసవిలో పాత ఫిజికల్ డైరెక్టరు గారు రిటైరైనారు. జూలైలో కొత్తాయన వచ్చినారు. ఉత్తర కర్ణాటకం మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు. పిల్లలకు ఆయన కన్నడ యాస కొంచెం కొరుకుడు పడలేదు. అందుచేత సాయంత్రం ఆఫీసు మూసిన తరువాత మధ్యవర్తిగా నేను ఆటస్థలానికి పోవడం అలవాటైంది.

మొదటి రెండు వారాలూ ఆయన యెవరినీ బుట్టలో బంతి వేయనివ్వలేదు. పరుగెత్తి ఆగడం, ఆగి తిరగడం, బంతిని నేలకు కొట్టకుండా ఒకరికొకరు అందించడం, ఇంతే. పిల్లలు గొణిగినారు. "ఇదేమి ఆట సార్, పెండ్లిలో తాంబూలాలు పంచినట్టుంది" అన్నాడొకడు. దీన్ని నేను తర్జుమా చేయలేదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. మన హైదరాబాదు బడిపంతులు రహీం సాహెబు 1950 నుండి భారత ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దినారు. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది ఆయన చేతి మీదుగానే. ఒకే ఆటగాడు బంతిని తిప్పుకుంటూ పోకూడదని నిబంధన పెట్టి, కేవలం పాసుల మీదనే ఆడవలసిన పోటీలు ఆయన నడిపేవారట. అమెరికాలో జాన్ వుడెన్ అనే ఆయన లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయ జట్టుకు 1948లో కోచ్‌గా చేరి, మొదటి రోజున మేజోళ్ళు ముడతలు లేకుండా తొడుక్కోవడం నేర్పేవాడు. ముడత పడితే బొబ్బలు లేస్తాయి, బొబ్బ లేస్తే ఆట పోతుంది. ఆయనకు మొదటి జాతీయ విజయం 1964లో గాని రాలేదు. ఆపైన 1975లో విరమించే లోపల మొత్తం పది వచ్చినాయి. పదహారేళ్ళు ఆగగలిగిన యాజమాన్యాన్ని గూడా మెచ్చుకోవాలి.

కొత్తాయన నోట యెప్పుడూ ఒకటే మాట: "నిధాన, నిధాన." దీనికి నా తర్జుమా అక్కర లేకపోయింది. మన నిదానమే గదా అది!

చిరిగిన వలల చోట కొత్తవి కొనడానికి నేను బిల్లు త్వరగా కదిలించిన రోజున ఆయన సంతోషించి ఒక కథ చెప్పినారు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు అనే వూళ్ళో, ఇద్దరు ఉపాధ్యాయులు వేగలేక వదిలేసిన ఒక అల్లరి తరగతిని నైస్మిత్ అనే మాస్టరుకు అప్పగించినారు. ఆయన చలికాలంలో లోపల ఆడదగిన ఆట ఒకటి ఆలోచించి, రెండు చదరపు పెట్టెలు కావాలని ఆ భవనం చూసుకునే మనిషిని అడిగినాడు. పెట్టెలు లేవు, పీచు పళ్ళ బుట్టలున్నాయని ఆ మనిషి తెచ్చి యిచ్చినాడు. వాటిని పది అడుగుల యెత్తున కొట్టినారు. నేటికీ యెత్తు అదే. పదమూడు నియమాలను ఆఫీసు టైపిస్టు టైపు చేసి పెట్టింది. "చూడండి గుమాస్తాగారూ, మీవంటివాళ్ళు లేకపోతే ఈ ఆటే లేదు" అన్నారు. ఆ రాత్రి నాకు అన్నం రుచిగా వుండింది.

తరువాత వచ్చింది అసలు చిక్కు.

మా అన్న కొడుకు మా ఇంట్లోనే వుండి ఆ కళాశాలలోనే చదువుతున్నాడు. పాత జట్టులో మిగిలినవాళ్ళలో వాడే మొనగాడు. ఈ సారి కెప్టెన్ తానేనని నమ్మకం. కొత్తాయన నా చేతికొక రిజిస్టరు యిచ్చి, ప్రతి సాయంత్రం యెవరు యెన్ని వేసినారో ఒక కాలంలో, యితరులకు యెన్ని అందించినారో ఇంకొక కాలంలో వ్రాయమన్నారు. ఒకనాటి లెక్క ఇది: మావాడు బుట్టలో వేసినవి తొమ్మిది, అందించినవి రెండు. తిరుమణి వైపు నుంచి వచ్చే పిల్లవాడు వేసినవి మూడు, అందించినవి పద్నాలుగు. మరుసటి వారం మావాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ పిల్లవాణ్ణి అయిదుగురిలో నిలబెట్టినారు. లెక్క నా దస్తూరీలోనే వున్నది గనుక నేను నోరెత్తలేకపోయినాను.

ఊరి నుంచి వదిన ఫోను చేసింది. "ఏమప్పా, ఆఫీసులో నువ్వుండీ, మా పిల్లోణ్ణి మూల కూర్చోబెడితే చూస్తా వుండావా?" అన్నది. అన్న మాట్లాడలేదు. అది ఇంకా బరువైంది. నేను చదువుకునేటప్పుడు ఫీజులు కట్టింది ఆయనే.

ఆ తిరుమణి పిల్లవాని సంగతి గూడా చెప్పాలి. అక్కడ పదమూడు వేల యెకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలసింది. భూమి వున్న రైతులకు మొదట యెకరాకు యేటా 21,000 రూపాయల కౌలు కుదిరింది. వీళ్ళకు సెంటు భూమి లేదు. ఇతరుల శెనక్కాయ చేలల్లో కూలికి పోయేవాళ్ళు. చేలు అద్దాల కింద పోయినాక కూలీ పోయింది, కౌలు రాలేదు. తండ్రి మేకలు మేపుతాడు. విశ్వవిద్యాలయం పోటీల్లో ఆడితే వచ్చే సర్టిఫికెట్టు పోలీసు వుద్యోగానికి పోయేటప్పుడు పనికివస్తుందని వాని ఆశ.

పోటీలకు ఆటగాళ్ళ అర్హతా పత్రాలు 15వ తేదీ లోపల పంపాలి. ఆ పిల్లవాని పత్రం 12న నా బల్ల మీదికి వచ్చింది. పి.యు.సి. మార్కుల కార్డు నకలు జత కాలేదు. పిలిచి, "నకలు తెచ్చి యివ్వు నాయనా" అంటే అయిపోయేది. నేను పిలవలేదు. కాగితాన్ని సొరుగులో పెట్టినాను. చింపలేదు, దాచలేదు, సొరుగులో పెట్టినానంతే అని నాకు నేనే చెప్పుకున్నాను. రూల్ ప్రకారం నకలు లేనిది పంపకూడదు గదా అనుకున్నాను. మా గుమాస్తాలకు రూలు గొడుగు వంటిది. యెండకూ పట్టవచ్చు, యెవరి కంటా పడకుండానూ పట్టవచ్చు.

14వ తేదీ మధ్యాహ్నం మా అన్న కొడుకు ఆఫీసుకు వచ్చినాడు. అందరి పత్రాలూ సరిచూసే పని కోచ్ వాడికే అప్పగించినారట.

"చిన్నాయనా, అందరివీ వుండాయి. తిరుమణోనిది మాత్రం లేదు. నీ దగ్గరేమన్నా వుందా?"

లేదనడానికి నోరు రాలేదు. సొరుగు లాగినాను. పైనే వున్నది. వాడు కాగితాన్ని చూసినాడు, మూల వేసిన తేదీ ముద్రను చూసినాడు, నన్ను చూసినాడు. ఒక్క మాట అనలేదు. బయటికి పోయి, ఆ పిల్లవాణ్ణి సైకిలు మోటారు మీద యెక్కించుకుని ఇంటికి పోయి, మార్కుల కార్డు తెచ్చి నకలు తీయించి, ఆఫీసు మూసే లోపల నా ముందు పెట్టినాడు. ఆ రాత్రి రాగి ముద్ద ముందర తల వంచుకుని, "వాడు లేకపోతే నాకు బంతి యెవరిస్తారు చిన్నాయనా?" అన్నాడు. అంతే.

తుమకూరులో మొదటి ఆట గెలిచినాము. రెండవది అయిదు పాయింట్లతో ఓడిపోయినాము. కథలో అయితే గెలిపించేవాణ్ణి గాని, రిజిస్టరు నా దగ్గరే వున్నది. ఆఖరి పది నిమిషాలకు మావాణ్ణి దించినారు. ఒకసారి బుట్ట యెదురుగా బంతి వాని చేతికే వచ్చింది. పాతవాడైతే యెగిరి వేసేవాడే. ఈ సారి పక్కన నిలిచిన తిరుమణి పిల్లవానికి అందించినాడు. అది బుట్టలో పడింది. ఆనాడు మావాని పేరు కింద వేసినవి రెండు, అందించినవి నాలుగు. ఆ నాలుగు అంకె వ్రాసేటప్పుడు నా చేయి వణికింది.

తిరుగు ప్రయాణంలో మధుగిరిలో టీ తాగడానికి దిగినాము. పిల్లలు ఉడికించిన శెనక్కాయలు పంచుకుంటున్నారు. ఆ పిల్లవాణ్ణి పక్కకు పిలిచి, నీ కాగితం రెండు రోజులు నేనే ఆపినానని చెప్పినాను. వాడు కొంచెం సేపు నేల చూసి, "పోనీలే సార్, అందింది గదా" అన్నాడు.

కోచ్‌కు ఈ సంగతి తెలుసో తెలియదో. ఆయన అడగలేదు. నన్ను మెచ్చుకుంటూ చెప్పిన బుట్టల కథ మాత్రం మళ్ళీ చెప్పలేదు.

మా ఆఫీసు ఇన్‌వర్డు పుస్తకంలో ఆ పత్రం వచ్చిన తేదీ 12, పంపిన తేదీ 14 అని నా దస్తూరీలోనే వున్నది. ఆ రెండు రోజులు యేమైనాయని ఆడిటులో యెవరూ అడగరు. అందుకే మన పత్రికలో నేనే వ్రాసుకుంటున్నాను.